అసలు, నకలు, నకిలీ

సందేహం: ఇంజనీరింగ్ పిల్లలకు గో ప్రోగ్రామింగ్ భాషను తెలుగులో చెబుతున్నాను. గోలో ఒక టైపుకు (విలువల రకానికి) జోడించిన ఫంక్షన్‌ను మెథడ్ అంటారు, అది ఏ విలువ మీద పనిచేస్తుందో అది రిసీవర్. పాయింటర్ రిసీవర్‌ను 'సూచిక గ్రహీత' అనీ, వాల్యూ రిసీవర్‌ను 'నకలు గ్రహీత' అనీ రాశాను. 'నకలంటే నకిలీయా మేడమ్?' అని పిల్లలు అడిగారు. ఏ మాటలు సరైనవి?
– ఒక అధ్యాపకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: నకలు అన్న మాటను వదులుకోకండి. నకలు, నకిలీ రెండూ ఉర్దూ నుంచి వచ్చినవే, మూలం ఒక్కటే. తెలుగులో మాత్రం వాటి దారులు వేరయ్యాయి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో దస్తావేజుకు తీసుకునేది నకలు, అది చెల్లుతుంది. మిరప రైతును ముంచేది నకిలీ విత్తనం. వాల్యూ రిసీవర్ ఉన్న మెథడ్‌కు అందేది విలువకు నకలే. అందులో ఒక అంకె దిద్దితే అసలులో అంకె మారదు. ఇంతకంటే అమరిన మాట నాకు తోచడం లేదు.

పేచీ అంతా 'గ్రహీత'తోనే. పురస్కార గ్రహీత అంటాం, అది మనుషులకు వాడే మాట. పుచ్చుకున్నవారన్న ధ్వనే అందులో ఉంది. ఇక్కడ పని దేని మీద జరుగుతోందో తెలియాలి. పాయింటర్ రిసీవర్ ఉంటే 'అసలు మీద నడిచే మెథడ్', వాల్యూ రిసీవర్ ఉంటే 'నకలు మీద నడిచే మెథడ్' అనండి. సూచిక అంటే పుస్తకం చివరి పదసూచిక గుర్తొస్తుంది. పాయింటర్‌ను పాయింటర్‌గానే ఉంచి, అసలు విలువ ఉన్నచోటి చిరునామా అని వివరించండి.

ఉదాహరణ మీ పేటలోనే ఉంది. బ్రాడీపేట 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. దానికి ఇంటి నంబరు తోడైతే నేరుగా వెళ్లి గోడలకు రంగు వేయించవచ్చు, ఇంటి ఫొటో తీసుకుని రానూవచ్చు. చేతిలో ఫొటో ఒక్కటే ఉంటే రంగు వేయడం ఎలా?

ఫలానా మెథడ్లు ఉండాలని అడిగే జాబితాయే ఇంటర్‌ఫేస్. దాని నియమమూ ఇదే. పాయింటర్‌కు రెండు రకాల మెథడ్లూ దక్కుతాయి, విలువకు నకలు మీద నడిచేవే దక్కుతాయి. 'లెక్క' అనే టైపుకు 'పెంచు' మెథడ్‌ను పాయింటర్ మీద రాశారనుకోండి. 'పెంచు' కావాలనే ఇంటర్‌ఫేస్‌కు లెక్క పాయింటర్ సరిపోతుంది, లెక్క విలువ చాలదు. 'వేరియబుల్ మీద పిలిస్తే నడిచింది కదా' అని పిల్లలు తికమకపడేది ఇక్కడే. అక్కడ చిరునామాను కంపైలరే (మన కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రామే) తీసుకుంది. ఇంటర్‌ఫేస్‌లో పెట్టిన విలువ నకలు, దాని చిరునామా తీసుకోవడానికి గో ఒప్పుకోదు. ఒప్పుకుని ఉంటే పెంపు ఆ నకలుకే పడి, అసలు లెక్క ఉన్నచోటే ఉండేది. తప్పెక్కడో దొరక్క పిల్లలకు ఎంత టెన్షన్!

ఒక టైపు ఇంటర్‌ఫేస్‌ను 'ఇంప్లిమెంట్' చేస్తుందనడానికి 'ఇంటర్‌ఫేస్‌ను అమలు చేస్తుంది' అని చాలామంది రాస్తున్నారు. గోలో అలా ఎక్కడా ప్రకటించం, కావలసిన మెథడ్లు ఉంటే చాలు. కాబట్టి 'ఇంటర్‌ఫేస్‌కు సరిపోతుంది' అని రాయండి.