చెంచా నెయ్యి లెక్క

బ్రాడీపేట, గుంటూరు

చి. అమ్మలూ,

నువ్వు పంపిన వారం రోజుల తిండి పట్టీ చూశాను. పొద్దున నీళ్లలో ఉడికించిన ఓట్స్, మధ్యాహ్నం రెండు పుల్కాలు, నూనె చుక్క లేని సొరకాయ కూర, రాత్రికి కీరదోస ముక్కలు. ఎంత లెక్కేసినా వెయ్యి క్యాలరీలు దాటవు. ఇలాంటి తిండితో మొదటి వారం బరువు తగ్గుతుంది, రెండో వారం రాత్రి పదకొండింటికి కారప్పూస డబ్బా మూత లేస్తుంది. కొవ్వూ, మాంసకృత్తులూ లేని కూడు కడుపులో నిలవదు. తోటకూరలోనూ క్యారెట్‌లోనూ ఎ విటమిన్‌కు పనికొచ్చే సరుకు ఒంటికి పట్టాలంటే ఆ పూట తిండిలో కాస్త నూనో నెయ్యో ఉండాలి. ఇంకో సంగతి, కొవ్వు బాగా మానేసి గబగబా బరువు తగ్గేవాళ్లకు పిత్తాశయంలో రాళ్లు పడే అవకాశం పెరుగుతుంది. తిండిలో కొవ్వు తగిలితేనే ఆ సంచి బాగా ముడుచుకుని పైత్యరసాన్ని బయటికి నెడుతుంది.

అందుకని నెయ్యి, వేరుశనగ గుళ్లు, నువ్వులు, బాదం, గుడ్డు పచ్చసొన మళ్లీ కంచంలోకి రానివ్వు. కానీ వాటికి చోటు చూపించి మరీ రానివ్వాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మంచి కొవ్వు అని విని, తినే అన్నం అలాగే ఉంచి పైన బాదం, అవిసె గింజలు, రెండు చెంచాల నెయ్యి చేరుస్తారు. నెల తిరిగేసరికి కిలో పెరిగి, నెయ్యి పడలేదంటారు. 100 గ్రాముల అన్నం 130 క్యాలరీలు. 5 గ్రాముల నెయ్యి 45, 15 గ్రాముల వేయించిన గుళ్లు 85. రెండూ కలిపితే సరిగ్గా ఆ 130. అన్నంలో ఆ 100 గ్రాములు తీశాకే ఇవి వెయ్యి.

మొత్తం ఎంత అంటావా? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 క్యాలరీల కంచానికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు, గింజలు 35 గ్రాములు పెట్టారు. కూర్చుని చేసే ఉద్యోగం, బరువు తగ్గాలన్న కోరిక, కాబట్టి నీకు 1500 అనుకుందాం. అది 2000లో ముప్పాతిక, ఆ చొప్పునే నూనె, నెయ్యి 20 గ్రాములు, గింజలు 25 గ్రాములు. వంట నూనెకు 15, నెయ్యికి 5 ఉంచు. కూరలో పోసిన నూనె ఎవరి కంచంలోకి ఎంత వచ్చిందో దేవుడికే తెలియాలి. అందుకని నెల లెక్కే నయం. మీ ముగ్గురికీ కలిపి నెలకు లీటరున్నర. ఒకటో తారీఖున విడిగా సీసాలో పోసి పెట్టు. ఇరవయ్యో తారీఖుకే సీసా ఖాళీ అయితే పోపులు ఎక్కడ మునుగుతున్నాయో వెతుకు. గరిటెతో పొయ్యకు, దగ్గు మందు సీసాతో వచ్చే గీతల మూత ఉంటుంది చూడు, దాన్ని కడిగి పెట్టుకో. 5 మిల్లీలీటర్ల గీత దాకా నూనె పోస్తే సుమారు 40 క్యాలరీలు.

నెయ్యి ఎప్పుడు వేస్తామన్నది కూడా ముఖ్యమే. కంది పొడి అన్నం పొడిపొడిగా ఉంటుంది కదా, ముద్ద కుదరడానికి మన చెయ్యి నెయ్యి గిన్నెలోకి మూడుసార్లు వెళ్తుంది. అలా కాకుండా వేడన్నంలో పొడి వేసి, రెండు చెంచాల వేడి నీళ్లో పల్చటి చారో చిలకరించి ముందు కలుపు. ముద్ద కుదిరాక పైన ఒక్క చెంచా కరిగిన నెయ్యి. లోపలికి కలిపెయ్యకు, పైపైనే తిప్పు. మొదటి ముద్దకే వాసన ముక్కుకు తగులుతుంది, తక్కువైనట్టు అనిపించదు.

ఇక గుళ్లు. నా మాట వింటే బాదం కన్నా వేరుశనగే నీకు మేలు. ధర సంగతి అలా ఉంచు, 25 గ్రాముల్లో 6 గ్రాముల పైన మాంసకృత్తులు ఉంటాయి, ఇక్కడ ఏ మూల కొట్టులోనైనా దొరుకుతాయి. కొనేటప్పుడు చేటలో పోసి చూడు. నల్లబడినవి, ముడతలు పడినవి, బూజు పట్టినవి ఏరి పారెయ్యి, నాలికకు చేదు తగిలితే ఉమ్మెయ్యి. బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం వేయిస్తే పోదు. మూకుడులో నూనె లేకుండా సన్నని సెగ మీద పది పన్నెండు నిమిషాలు కలుపుతూ వేయించు. ఉప్పూ కారం పట్టించకు, పట్టిస్తే చెయ్యి ఆగదు. రోహిణి కార్తె ఎండలకు గుళ్లైనా బాదమైనా తొందరగా ముక్కిపోతాయి, నెల సరుకు ఫ్రిజ్‌లో పెట్టు.

ఆదివారం కూర్చుని కాటా మీద 20 గ్రాముల చొప్పున ఏడు చిన్న డబ్బాలు నింపు. మిగిలిన 5 గ్రాములూ నువ్వుల పొడికి. పెద్ద పొట్లం మాత్రం ఆఫీసుకు తీసుకెళ్లకు, మాటల్లో పడి తింటుంటే 100 గ్రాములు అయిపోయినా తెలియదు. అది 570 క్యాలరీలు, అంటే నీ మధ్యాహ్నం భోజనం. డబ్బా సాయంత్రం ఐదింటికి తెరువు, పక్కన పల్చటి మజ్జిగ పెట్టుకో. ఆరింటికి మీ విజయవాడ బెంజి సర్కిల్ దాటి వచ్చేటప్పుడు బజ్జీల బండి వాసన తగిలే సరికి కడుపు కాస్త నిండి ఉంటుంది. తొక్కతో ఉడకబెట్టిన శనక్కాయలు దొరికిన రోజు డబ్బా అక్కర్లేదు. నీళ్లు పీల్చుకుంటాయి గనక అదే క్యాలరీలకు 35 గ్రాముల గింజలు తినొచ్చు, ఒలుచుకుని తినాలి కాబట్టి నెమ్మదిగానూ తింటావు.

శనక్కాయల పచ్చడి దగ్గర జాగ్రత్త. నాలుగు ఇడ్లీలకు 50 గ్రాముల గుళ్ల పచ్చడి వేసుకుంటే ఇడ్లీల కన్నా పచ్చడిలోనే క్యాలరీలు ఎక్కువ. సగం గుళ్లు తీసి ఆ మేరకు బీరకాయ తొక్కో మగ్గించిన టమాటానో వేసి రుబ్బు. హోటల్లో నెయ్యి కారప్పొడి ఇడ్లీ తినాలనిపిస్తే తిను, కానీ ఆ రోజుకు నెయ్యి కోటా అయిపోయిందనుకో. ఆవకాయలో ముక్క తీసి జాడీ అంచున వార్చు, పైన తేలే నూనె అన్నంలోకి వంచకు.

బాదం, అక్రోటు తింటే నమిలి తిను. నమిలినప్పుడు కొంత కొవ్వు అరక్కుండానే బయటికి పోతుంది, మిక్సీలో వేసి పాలతో తాగితే అదీ ఒంట పడుతుంది, పైగా కడుపు నిండినట్టు ఉండదు. అవిసె గింజలది దీనికి తిరుగు లెక్క. అలాగే మింగితే అలాగే పోతాయి. వేయించి వారానికి సరిపడా మాత్రమే పొడి కొట్టుకో. ఖర్జూరం, బెల్లం వేసి చేసిన డ్రైఫ్రూట్ లడ్డూ మీద చక్కెర లేదని రాసి ఉంటుంది, నిజమే, తీపి మాత్రం ఎక్కడికీ పోలేదు. రోజుకొకటి తింటే గింజల కోటా పోయినట్టే. కొబ్బరిలో సంతృప్త కొవ్వు ఎక్కువ, దాన్ని వేరుశనగతో సమానంగా చూడకు. చెడు కొలెస్ట్రాల్ ఎక్కువ ఉందని రిపోర్టు వస్తే నెయ్యి కూడా మానేసి ఆ 5 గ్రాములూ వంట నూనెకే ఇవ్వు.

మీ అత్తగారికి ఈ పట్టీ చూపించకు. ఆవిడ షుగరు మాత్రలు వాడుతున్నారు, డాక్టరుకు చెప్పకుండా అన్నం తగ్గిస్తే చక్కెర పడిపోవచ్చు.

మొదలుపెట్టిన మొదటి వారంలో కాటా అర కిలో ఎక్కువ చూపిస్తే కంగారు పడకు, అది చాలావరకు నీరు. రోజూ పొద్దున ఒకే వేళకు చూసుకుని వారం సగటు రాసుకో. మూడు వారాల సగటు కదలకపోతే 100 క్యాలరీలు తగ్గించు, అదీ అన్నంలోంచో చపాతీలోంచో. గింజల డబ్బా జోలికి వెళ్లకు.

కాటా కొనగానే ముందు మీ ఇంటి నెయ్యి స్పూను తూచి ఫోను చెయ్యి. పూజ గదిలో వాడే ఆ వెండి స్పూనైతే నిండుగా పోస్తే 8, 9 గ్రాములు పట్టేలా ఉంది, అప్పుడు దాన్ని అక్కడే ఉంచి వంటింటికి చిన్నది కొనుక్కోవాలి.

మీ పెద్దమ్మ