‘రివీలింగ్’కి తెలుగేమిటి?

సందేహం: ఇంగ్లీషులో ఇంటర్వ్యూనీ, దుస్తుల్నీ కూడా ‘రివీలింగ్’ అంటున్నారు. రెండుచోట్లా ‘బహిర్గతపరిచే’ అని రాస్తే వాక్యం అతకడం లేదు. సరైన మాట ఏది?

సమాధానం: రెండుచోట్లా పనికొచ్చే ఒకే మాట కోసం వెతకడం వల్లే ఈ చిక్కు. ‘రివీల్’కి మూలం లాటిన్. అందులో ‘వేలుమ్’ అంటే తెర, ముసుగు. దాన్ని తొలగించడమే రివీల్ చేయడం. ఇంటర్వ్యూలో తొలగేది మనసు మీది తెర, దుస్తుల విషయంలో ఒంటి మీది తెర. ఇంగ్లీషువారికి ఒక్క మాటే చాలింది.

మీకు అతకకపోవడానికి అసలు కారణం వ్యాకరణంలో ఉంది. ఇంగ్లీషు ‘రివీలింగ్’ కర్మ లేకుండా ఒంటరిగా నిలబడుతుంది. తెలుగులో ‘బయటపెట్టే’, ‘వెల్లడించే’ అన్న వెంటనే ‘దేన్ని?’ అనే ప్రశ్న వస్తుంది. ‘బహిర్గతపరిచే వ్యాఖ్య’ అని వదిలేస్తే వాక్యం సగంలో ఆగినట్టే. ఏది బయటపడిందో చెప్పండి: ‘ఆయన మనసులోని అసంతృప్తిని బయటపెట్టిన వ్యాఖ్య’. మాటలు పెరిగినా అర్థం స్థిరపడుతుంది. ఇది తెలుగు లోపం కాదు, బలమనే నా అభిప్రాయం. ఏం బయటపడిందో తేల్చుకోకుండా రాయడం ఇక్కడ కుదరదు.

ఇంకో తేడా కూడా ముఖ్యం. కావాలని చెబితే ‘వెల్లడించారు’. అనుకోకుండా తెలిసిపోతే ‘బయటపడింది’, ‘పట్టిచ్చింది’. ‘చేతుల వణుకు అతని భయాన్ని పట్టిచ్చింది’ అన్నప్పుడు ‘వెల్లడించింది’ వాడితే ప్రాణం పోతుంది. ‘రివీలింగ్’ చాలాసార్లు ఈ రెండో అర్థంలోనే వస్తుంది కాబట్టి అనువాదకులు ‘పట్టిచ్చే’ను ఎక్కువగా వాడుకోవాలి. ‘గుట్టు రట్టు చేసే’ మాత్రం అన్నిచోట్లా చెల్లదు. అందులో దాచిన తప్పేదో ఉందన్న ధ్వని ఉంది.

దుస్తులకు ‘ఒళ్లు కనిపించే’, ‘కప్పీ కప్పని’ సరిపోతాయి. ‘అసభ్యమైన’ అని మాత్రం రాయకండి. అది తీర్పు, ఇంగ్లీషు మాట చెప్పేది ఒళ్లు ఎక్కువగా కనిపిస్తోందనే. అందులో అయిష్టం ధ్వనిస్తే అది సందర్భం వల్ల వచ్చేదే.

‘రెవలేటరీ’ అనేది వేరే మాట. అంతవరకూ తోచని సత్యం ఒక్కసారిగా తట్టేలా చేసేదని దాని అర్థం. దానికి ‘కళ్లు తెరిపించే’ చక్కగా కుదురుతుంది.