ఇంట్లో పెద్దాయనకు టీబీ, ఒళ్లో ఎనిమిది నెలల పాప: ఏ పరీక్ష, ఎప్పుడు?

ప్రశ్న: మా మావయ్యగారికి రెండు నెలలుగా దగ్గు. పోయిన వారం గళ్ల పరీక్షలో టీబీ అని తేలింది, మందులు మొదలుపెట్టారు. మా పాపకు 8 నెలలు, బరువు 8 కిలోలు. పుట్టినప్పుడే బీసీజీ వేయించాం. పగలంతా తాతయ్య దగ్గరే ఆడుకునేది, మధ్యాహ్నం ఆయన పక్కనే పడుకునేది. ఇప్పుడు హుషారుగానే ఉంది, దగ్గూ జ్వరమూ లేవు. మా వారు వెంటనే రక్తపరీక్ష చేయిద్దామంటున్నారు. అత్తయ్యగారేమో 'బిడ్డ బాగానే ఉంది, బీసీజీ కూడా వేశారు, ఇంకా సూదులెందుకు' అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: పాపను రేపే పిల్లల డాక్టరుకు చూపించండి. అయితే రక్తపరీక్ష కోసం కాదు. పాపకు ఇప్పటికే టీబీ జబ్బు ఉందేమో తేల్చుకోవడానికి, లేదని తేలితే రాకుండా మందు మొదలుపెట్టడానికి. మీ ఇంట్లో ఈ వారం జరగాల్సిన పనులు ఈ రెండే.

టీబీ క్రిమి ఒంట్లో చేరడం వేరు, అది జబ్బుగా మారడం వేరు. పెద్దవాళ్లలో క్రిమి చేరిన వంద మందిలో జీవితకాలంలో జబ్బు పడేది ఐదు నుంచి పది మంది. ఏడాదిలోపు పసిపిల్లల్లో, మందు ఇవ్వకపోతే, దాదాపు సగం మంది జబ్బు పడతారు. అదీ ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. వాళ్లలో కొందరికి అది మెదడు పొరలకు పాకుతుంది. పాప ఇవాళ హుషారుగా ఉందన్నది మంచి సంగతే కానీ, నిశ్చింతగా ఉండటానికి అది చాలదు. అత్తయ్యగారన్న బీసీజీ మాటలో నిజం ఉంది. మెదడు టీబీ, ఒళ్లంతా పాకే టీబీ రాకుండా అది చాలావరకు కాపాడుతుంది. కానీ ఒకే గదిలో నెలల తరబడి దగ్గుతున్న మనిషి నుంచి క్రిమి సోకకుండా పూర్తిగా ఆపలేదు.

మీ వారి మాటకు వస్తే, 'టీబీ రక్తపరీక్ష' పేరుతో మూడు రకాలు వాడుకలో కలిసిపోయాయి. రక్తంలో యాంటీబాడీలు చూసే పాత పరీక్షలను భారత ప్రభుత్వం 2012లోనే నిషేధించింది. అవి లేని జబ్బును ఉందనీ, ఉన్న జబ్బును లేదనీ చెప్పేవి. ఎవరైనా ఇప్పటికీ రాసిస్తే చేయించకండి. రెండోది ఇగ్రా, అంటే టీబీ క్రిమికి రక్తకణాలు స్పందిస్తున్నాయా అని చూసే పరీక్ష. దీనికి నిషేధం లేదు, కానీ పసిపిల్లల్లో 'తేల్చలేం' అన్న ఫలితం ఎక్కువగా వస్తుంది. పైగా క్రిమి చేరిందా, జబ్బే మొదలైందా అన్న తేడా చెప్పలేదు. మూడోది మాంటూ. ఇది రక్తపరీక్ష కాదు, ముంజేతి చర్మంలోకి ఇచ్చే 0.1 మిల్లీలీటరు ఇంజెక్షన్. క్రిమి చేరాక ఒళ్లు దాన్ని గుర్తుపట్టి స్పందించడానికి 2 నుంచి 8 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ లోపు చేస్తే నెగెటివే వస్తుంది. బరువు తక్కువున్న పిల్లల్లో, ఈమధ్యే తట్టు వచ్చిన పిల్లల్లో, స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లలో క్రిమి ఉన్నా నెగెటివ్ రావచ్చు.

అందుకే మన దేశ టీబీ కార్యక్రమం ఐదేళ్లలోపు పిల్లల విషయంలో ఒక స్పష్టమైన నిర్ణయం తీసుకుంది. ఇంట్లో ఊపిరితిత్తుల టీబీ ఉన్నవాళ్లుంటే, పిల్లకు జబ్బు లేదని నిర్ధారించుకున్నాక, మాంటూ కోసమో ఇగ్రా కోసమో ఆగకుండా నివారణ మందు ఇవ్వాలి. నెగెటివ్ వచ్చినా మందు ఇవ్వాల్సిందే అయినప్పుడు ఆ పరీక్ష మీకు కొత్తగా ఏమీ చెప్పదు. ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. నెగెటివ్ కాగితం చూసి 'హమ్మయ్య' అనుకుని ఇంటికి వెళ్లిపోయి, మందు మాటే మరిచిపోవడం. పసిబిడ్డల టీబీలో నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఆ కాగితమే.

డాక్టరు దగ్గర ఏం జరగాలి? బట్టలు తీసి బరువు చూడాలి. దాన్ని తల్లీబిడ్డ కార్డులోని పాత బరువులతో పోల్చాలి. అంగన్‌వాడీలో రాసినవి కూడా పట్టుకెళ్లండి. గత రెండు మూడు నెలల్లో బరువు పెరగకుండా ఆగిపోయిందంటే, దగ్గు లేకపోయినా అనుమానించాలి. రెండు వారాలకు మించిన దగ్గు, జ్వరం, మెడ దగ్గర గడ్డలు, ఆటమీద ధ్యాస తగ్గి నీరసంగా పడి ఉండటం, ఇవన్నీ అడగాలి, చూడాలి. తర్వాత ఛాతీ ఎక్స్‌రే. రేడియేషన్ గురించి దిగులు వద్దు, ఒక్క ఫిల్ముకు అది చాలా తక్కువ. దిగులు పడాల్సింది ఫిల్ము సరిగా రాకపోవడం గురించి. బిడ్డ ఏడుస్తూ పక్కకు తిరిగినప్పుడు తీస్తే పసిపిల్లల ఛాతీలో మామూలుగా ఉండే థైమస్ గ్రంథి నీడే మచ్చలా కనిపిస్తుంది. ఇంకోసారి అసలు గడ్డే నీడలో దాగిపోతుంది. చేతులు పైకి పట్టుకుని, భుజాలు సమంగా ఉండేలా మీరే సాయం చేయండి. ఫిల్ము బాగా రాకపోతే మళ్లీ తీయించమని అడగడానికి మొహమాట పడకండి.

ఎక్స్‌రేలోనో ఒంట్లోనో అనుమానం కనిపిస్తే అప్పుడు క్రిమి కోసం వెతుకుతారు. పసిపిల్లలు గళ్ల ఉమ్మలేరు, మింగేస్తారు. కాబట్టి తెల్లవారుజామున, పాలు పట్టకముందే, కనీసం నాలుగు గంటల ఖాళీ కడుపుతో, ముక్కులోంచి సన్నని గొట్టం వేసి పొట్టలోని ద్రవం తీస్తారు. మామూలుగా వరసగా రెండు రోజులు తీస్తారు. మలంతో కూడా ఈ పరీక్ష చేయొచ్చు. ఆ నమూనాను టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే సీబీనాట్ లేదా ట్రూనాట్ మెషీన్‌లో పెడతారు. పాజిటివ్ వస్తే జబ్బు ఖాయం. నెగెటివ్ వస్తే మాత్రం జబ్బు లేదని అర్థం కాదు. పిల్లల్లో క్రిములు తక్కువగా ఉంటాయి, జబ్బున్నవాళ్లలోనూ సగానికి పైగా దొరకవు. అప్పుడు లక్షణాలు, ఎక్స్‌రే, ఇంట్లో టీబీ ఉండటం, మూడూ కలిపి డాక్టరు నిర్ణయిస్తారు. ఏ అనుమానమూ లేని బిడ్డకు ఈ గొట్టం బాధ అక్కర్లేదు.

అన్నీ బాగుంటే ఐసోనియాజిడ్ అనే నివారణ మందు మొదలుపెడతారు. కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున, రోజుకొకసారి, 6 నెలలు. 7 నుంచి 15 వరకు సురక్షితమైన పరిధి కాబట్టి, 8 కిలోల పాపకు నీళ్లలో కరిగే 100 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి సరిపోతుంది. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. చెంచాడు నీళ్లలో కరిగించి, పాలకు ముందు ఖాళీ కడుపుతో పట్టండి. సీసా నిండా పాలలో కలపొద్దు, సగం తాగి వదిలేస్తే ఎంత మందు లోపలికి వెళ్లిందో తెలియదు. మందు పట్టిన అరగంటలోపు మొత్తం కక్కేస్తే మళ్లీ ఇవ్వాలా అన్నది డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. పాప ఇంకా ఎక్కువగా తల్లిపాల మీదే ఉంటే పైరిడాక్సిన్, అంటే బీ6 విటమిన్, రోజుకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు తోడుగా రాస్తారు. నెలనెలా బరువు చూపించాలి, పెరిగిన బరువును బట్టి డోసు మార్చాల్సి రావచ్చు. వారానికొకసారి 12 వారాలు వాడే మందు గురించి ఎవరైనా చెబితే, అది రెండేళ్లు దాటిన పిల్లలకు, మీ పాపకు కాదు.

చాలా ఇళ్లలో మందు రెండో నెలకో మూడో నెలకో ఆగిపోతుంది. బిడ్డ బాగానే ఉంది, తాతయ్యకూ దగ్గు తగ్గింది, ఇంకెందుకు అనిపిస్తుంది. ఆరు నెలలూ పూర్తి కావాలి. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, పదేపదే వాంతులు, పాలు తాగకపోవడం కనిపిస్తే మాత్రం మందు ఆపి అదే రోజు డాక్టరుకు చూపించండి. పిల్లల్లో కాలేయం దెబ్బతినడం అరుదు, అయినా చూస్తూ ఉండాలి. మగతగా ఉండటం, ఫిట్స్, మాడు ఉబ్బటం, కారణం లేకుండా రోజుల తరబడి వాంతులు, ఇవైతే అర్ధరాత్రి అయినా పెద్దాసుపత్రికి వెళ్లాల్సిందే.

ఇంకొక ముఖ్యమైన కాగితం మీ మావయ్యగారి ట్రూనాట్ లేదా సీబీనాట్ రిపోర్టు. అందులో రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందుకు క్రిమి లొంగుతోందా లేదా రాసి ఉంటుంది. లొంగనిదైతే పాపకు ఐసోనియాజిడ్ సరిపోదు, వేరే మందు ఆలోచించాలి. రిపోర్టు ఫొటో తీసి పిల్లల డాక్టరుకు తప్పక చూపించండి. ఆయన పేరు నిక్షయ్‌లో, అంటే ప్రభుత్వ టీబీ ఆన్‌లైన్ రిజిస్టరులో, నమోదై ఉంటుంది కాబట్టి పీహెచ్‌సీ సిబ్బంది ఇంటికి వచ్చి అందర్నీ చూడాలి. రాకపోతే మీరే ఆశా కార్యకర్తకు చెప్పండి, లేదా 1800-11-6666కు ఫోన్ చేయండి. మీకూ మీ వారికీ అత్తయ్యగారికీ కూడా పరీక్ష జరగాలి.

ఇంట్లో కిటికీలు తీసి ఉంచండి. మావయ్యగారు పాప దగ్గర మాస్కు పెట్టుకోవాలి, కొన్నాళ్లు వేరే గదిలో పడుకోవాలి. మందులు సరిగా పడితే రెండు వారాల్లోనే వ్యాప్తి బాగా తగ్గుతుంది. కంచం, గ్లాసు, దుప్పటి వేరు చేయక్కర్లేదు, టీబీ గాలి ద్వారా వస్తుంది, పళ్లెం ద్వారా కాదు. పెద్దాయన్ను వెలివేసినట్టు చూడకండి. మనసు కష్టపెట్టుకున్న మనిషి మందులు మానేస్తే నష్టం పాపకే.

మీ డాక్టరు తన అనుమానాన్ని బట్టి మాంటూ కూడా చేయిస్తానంటే కాదనకండి. కానీ పాపకు తొమ్మిదో నెలలో ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా ఉంది. ఆ టీకా పడ్డాక నాలుగు వారాల పాటు మాంటూ తప్పుగా నెగెటివ్ రావచ్చు. టీకాకు ముందో, అదే రోజో చేయించండి. టీకాను మాత్రం వాయిదా వేయకండి.

ప్రశ్న: మా చెల్లెలికి గర్భంతో ఉన్నప్పుడే హెపటైటిస్ బి ఉందని తెలిసింది. బాబు పుట్టిన రోజే టీకా, ఇమ్యునోగ్లోబులిన్ రెండూ వేశారు. ఇప్పుడు నెల దాటింది. బాబుకు సోకిందేమో పరీక్ష చేయించేదాకా అమ్మకు నిద్ర పట్టడం లేదు. పాలు కూడా ఆపమంటోంది.
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఇప్పుడు చేయించకండి, ఏ ఫలితం వచ్చినా నమ్మలేం. ఏ డోసు టీకా వేసినా మూడు వారాల వరకు అందులోని పదార్థమే రక్తంలో కనిపించి హెచ్‌బీఎస్ఏజీ (వైరస్ ఒంట్లో ఉందా అని చూసే పరీక్ష) పాజిటివ్ అనిపించవచ్చు. ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చిన యాంటీబాడీలు నెలల తరబడి ఉంటాయి, వాటిని చూసి బాబుకు సొంతంగా రక్షణ వచ్చిందని పొరబడతాం. తల్లి నుంచి వచ్చే యాంటీ హెచ్‌బీసీ అనే ఇంకో రకం యాంటీబాడీ రెండేళ్ల దాకా ఉండొచ్చు కాబట్టి ఆ పరీక్ష చిన్నపిల్లల్లో దండగ.

హెపటైటిస్ బి టీకా కూడా కలిసి ఉండే 6, 10, 14 వారాల పెంటావలెంట్ డోసులు తేదీ తప్పకుండా వేయించండి. అసలు రక్షణ అక్కడే ఉంది. బాబుకు 9 నెలలు నిండాక, ఏడాదిలోపు, హెచ్‌బీఎస్ఏజీ, యాంటీ హెచ్‌బీఎస్ (రక్షణనిచ్చే యాంటీబాడీల పరీక్ష) రెండూ ఒకేసారి చేయించండి. రెండో దాన్ని 'ఉంది, లేదు' అని కాకుండా అంకెలో ఇవ్వమనండి. మొదటిది నెగెటివ్, రెండోది 10 లేదా అంతకన్నా ఎక్కువ అయితే బాబు క్షేమం. 10 కన్నా తక్కువైతే అదనపు టీకా వేసి, ఒకటి రెండు నెలలకు మళ్లీ చూస్తారు. హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ అయితే కాలేయ నిపుణులకు చూపించాలి. పుట్టినప్పుడు సోకిన పిల్లల్లో పది మందిలో తొమ్మిది మందికి అది ఒంట్లో నిలిచిపోతుంది, అందుకే 9వ నెల పరీక్ష మరవకూడదు. కార్డు మీద ఆ నెల ఇప్పుడే రాసి పెట్టండి.

పాలు నిస్సంకోచంగా ఇవ్వొచ్చని అమ్మగారికి చెప్పండి. చనుమొనలు పగిలి రక్తం వస్తుంటే ఆ పక్క మానేదాకా పిండి పారబోసి, రెండో పక్క ఇవ్వాలి. మీ బావగారికి పరీక్ష అయిందా? కాకపోతే ఆయనకు చేయించి, నెగెటివ్ వస్తే టీకా వేయించండి.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. 14 నెలల బాబుతో రెండు నెలలు వరంగల్‌లో ఉండి పోయిన వారమే తిరిగొచ్చాం. ఇంట్లో ఎవరికీ టీబీ లేదు. అయినా ఇక్కడి డాక్టరు టీబీ పరీక్ష గురించి ప్రస్తావించారు. అవసరమా?
– ఒక తండ్రి

జవాబు: అడగడం సబబే. అక్కడ పుట్టిన పిల్లలకు బీసీజీ వేయరు, పైగా టీబీ ఎక్కువున్న చోట నెలల పాటు ఉన్నారు. కానీ ఇవాళే చేయిస్తే చివరి రోజుల్లో సోకినది బయటపడదు. తిరిగొచ్చిన 8 నుంచి 10 వారాలకు చేయించండి. ఆ లోపు రెండు వారాలు మించిన దగ్గు, జ్వరం వచ్చినా, బరువు తగ్గినా ఆగకండి. ఇండియాలో మీరున్న ఇంట్లోవాళ్లకు గానీ, బాబును ఎత్తుకున్న పనిమనిషికి గానీ తర్వాత టీబీ అని తెలిస్తే అదే రోజు డాక్టరుకు చెప్పండి, అప్పుడు లెక్క మారిపోతుంది. ఎంఎంఆర్ టీకా ఇంకా వేయకపోతే, మాంటూ అదే రోజో, లేదంటే టీకా అయ్యాక నాలుగు వారాలు దాటాకో పెట్టుకోండి. మాంటూ చూడాల్సింది 48 నుంచి 72 గంటల మధ్య. ఎరుపును కాదు, గట్టిపడిన భాగాన్ని ముంజేతికి అడ్డంగా కొలవాలి. ఈ వయసులో 10 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా ఎక్కువైతే పాజిటివ్. గురువారం వేయిస్తే చదివే సమయానికి క్లినిక్ మూసి ఉండొచ్చు, సోమవారమో మంగళవారమో వేయించుకోండి.