పాత మిత్రుడా, పాత పగవాడా?

ప్రశ్న: పొత్తు కుదుర్చుకోవలసి వచ్చినప్పుడు చిరకాల మిత్రుణ్ణి నమ్మాలా, ఒకప్పటి శత్రువును నమ్మాలా? రాక్షసి తంగడి యుద్ధం గురించి చదివినప్పుడు ఇద్దరినీ నమ్మరాదనిపించింది. వివరించగలరు.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీరు ఎంచుకున్న ఉదాహరణ సరైనదే గాని, దాని నుంచి నాకు తోచే నిర్ణయం వేరు. 1565 జనవరిలో విజయనగరాన్ని ఏలుతున్న అళియ రామరాయలపైకి కృష్ణాతీరానికి దండెత్తి వచ్చిన సుల్తానులలో ఇద్దరు ఆయనకు ఆత్మీయులుగా మెలగినవారు. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా తన అన్న జంషీద్‌కు భయపడి 1543లో పారిపోయి వచ్చి, దాదాపు ఏడేళ్లు విజయనగరంలో రామరాయల అండన తలదాచుకున్నాడు. తరువాతి కాలంలో తెలుగు కవులు మల్కిభరాముడని కీర్తించినది ఆయననే. బిజాపూరు అలీ ఆదిల్ షా అయితే, రామరాయల కుమారుడు చనిపోయినప్పుడు స్వయంగా విజయనగరానికి వెళ్లి పరామర్శించాడనీ, రామరాయల భార్య ఆయనను కొడుకుగా భావించిందనీ చరిత్రకారుడు ఫిరిస్తా రాశాడు. తిరిగి వెళ్లేటప్పుడు రామరాయలు తగిన మర్యాదతో సాగనంపలేదన్న కష్టం అలీ మనసులో ఉండిపోయిందని కూడా ఆయనే చెప్పాడు. ఫిరిస్తా బిజాపూరు కొలువులో రాసినవాడు గనుక ఈ మాటలను కొంత జాగ్రత్తగా తీసుకోవాలి.

ఆ మర్యాద లోపం కంటే నాకు పెద్దదిగా కనిపించేది మరొకటి. అహమ్మద్‌నగర్‌పై అలీకి సాయం చేసిన రామరాయలు, కొంతకాలానికి ఆ అలీ రాజ్యంలోని భూములనే అడిగి పుచ్చుకున్నాడు. తన ఇంట ఆశ్రయం పొందిన ఇబ్రహీం నుంచి పానగల్లు వంటి దుర్గాలను రాబట్టుకున్నాడు. ఒకనాటి ఉపకారం ఎన్నటికీ తీరని బాకీ అన్నట్టు ఆయన ప్రవర్తించాడు. మిత్రులు కనుక సహిస్తారని అనుకోవడమే ఆయన పొరపాటని నా అభిప్రాయం. పరాయివాడు చేసిన అన్యాయం కంటే అయినవాడు చేసినది లోతుగా నాటుకుంటుంది.

అవతలి పక్షంలో జరిగినది చూడండి. షోలాపూర్ కోట కోసం బిజాపూరు, అహమ్మద్‌నగర్ ఎన్నో ఏళ్లు కొట్టుకున్నాయి. పొత్తుకు ముందు వారు ఆ తగాదాను దాచిపెట్టలేదు, తేల్చుకున్నారు: అహమ్మద్‌నగర్ సుల్తాను హుసేన్ నిజాం షా తన కూతురు చాంద్ బీబీని అలీకిచ్చి, షోలాపూర్‌ను కట్నంగా ఒప్పగించాడు, అలీ తన సోదరిని హుసేన్ కుమారుడికిచ్చాడు. ఎవరు ఏమి ఇస్తున్నారో, ఏమి పొందుతున్నారో ఇద్దరికీ ముందే తెలుసు. పాత పగవాళ్లు ఆ యుద్ధంలో ఒకరినొకరు విడిచిపెట్టకపోవడానికి మూలం అక్కడుంది.

అయితే శత్రుపక్షం వదిలి వచ్చిన ప్రతివాడూ నమ్మదగినవాడని దీని అర్థం కాదు. రెండేళ్ల తర్వాత విజయనగరం చూసిన వెనీసు వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్, రామరాయల కొలువులోని ఇద్దరు ముస్లిం సేనానులు యుద్ధం నడుమ ఎదురుతిరిగారని రాశాడు. ఆ కథనం ఎంతవరకు నిజమన్న విషయంలో చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. సుల్తానుల పొత్తు కూడా గెలుపు తర్వాత ఎంతోకాలం నిలవలేదు. ఉమ్మడి భయం తొలగగానే పాత తగాదాలు తిరిగి తలెత్తాయి.

అందువల్ల, ఒక నిర్ణీతమైన పనికి, షరతులు ముందుగా తేల్చుకున్న పాత పగవాడినే నేను ఎంచుకుంటాను. దీర్ఘకాలపు తోడు కావాలంటే, నేను అతిగా అడిగినప్పుడు కాదని చెప్పగల మిత్రుణ్ణి ఎంచుకుంటాను. ఇక ఆ పొత్తు కోసం బిజాపూరు కోడలైన చాంద్ బీబీ, మూడు దశాబ్దాల తర్వాత 1595లో మొఘలులు ముట్టడించినప్పుడు పుట్టింటి కోటను నిలబెట్టింది. ఆమెకు సాయంగా బిజాపూరు, గోల్కొండ సేనలు బయలుదేరాయి.