ఫ్లోరైడ్ పటం గీయబోతున్న మేనకోడలికి

చిరంజీవి కోడలికి, మామయ్య ఆశీస్సులు.

మునుగోడు, మర్రిగూడ బోర్ల నీళ్లు పరీక్షించి, ఫ్లోరైడ్ ఎక్కడ గుంపుకట్టిందో లెక్కగట్టి చెబుతావట. మీ అమ్మ ఫోనులో చెప్పగానే ఛాతీ ఉప్పొంగింది. ఫోను పెట్టేశాక గుండెల్లో రాయి పడింది.

నమూనాలు ప్లాస్టిక్ సీసాల్లోనే పట్టు, గాజు వద్దు. మోటారు కాసేపు నడిచాకే పట్టు. చేదబావినీ లోతైన బోరునూ ఒకే గాటన కట్టకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇది మాత్రం విను. మా రోజుల్లో ఒక పై అధికారి, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన బోర్లన్నిటికీ పటం మీద ఎర్రచుక్కలు పెట్టించాడు. అన్నే చుక్కలను గుడ్డిగా చల్లితే ఎలా పడతాయో దానితో పోల్చి, గుంపు తేలిందంటూ కొన్ని ఊళ్లకు సున్నా చుట్టేశాడు. బోర్లు గుడ్డిగా వేస్తారా తల్లీ? ఊరి చుట్టూ, చెరువు కింద, రాయి పగిలి ఊట దొరికే చోట వేస్తారు. మంచినీళ్ల బోర్లకు చుక్కలు పెట్టినా అక్కడే గుంపుకడతాయి! ఆయన లెక్క తేల్చిందల్లా జనం బోర్లు ఎక్కడ వేసుకుంటారన్నదే. పటం మాత్రం చేతులు మారింది. ఆ వైపు అమ్మాయి అంటేనే పళ్లు చూసి లేచిపోయే పెళ్లివాళ్లున్న కాలం. సున్నాలో పడ్డ ఊరి నుంచి ఒక తండ్రి వచ్చి, జేబులోని పరీక్ష కాగితం మడత విప్పి బల్ల మీద పెట్టాడు. 0.8. "మా ఊరి మీద ఈ గీత ఎందుకు సారూ?" అన్నాడు. పై అధికారి ఫైలు తిరగేస్తూ కూర్చున్నాడు.

అందుకని బోర్లను ఉన్నచోటే ఉంచు. విలువలను మాత్రం పేకముక్కల్లా కలిపి వాటికి మళ్లీ పంచు, 999 సార్లు. ప్రతిసారీ మోరాన్ సూచిక, అంటే పొరుగు బోర్ల విలువలు ఎంత పోలి ఉన్నాయో చెప్పే అంకె, కట్టు. నీ అసలు సూచిక అన్నిటినీ మించితే పి విలువ, అంటే ఉత్త కలపడం వల్లే అంత పెద్ద సూచిక వచ్చే అవకాశం, 0.001. అప్పటికీ తేలేది పొరుగు బోర్లు ఒకదాన్నొకటి పోలి ఉన్నాయనే. కారణం రాతిదా, లోతుదా అన్నది వేరే పని. ఇక ఒక్కో బోరు చుట్టూ గుంపు ఉందా అని విడిగా లెక్క చూస్తానంటావా, పి విలువకు 0.05 గీత పెట్టుకుంటే గుంపు లేకున్నా నూటికి అయిదు ఊరికే ఎర్రబడతాయి. వాటిలో ఏ ఊరు ఉంటుందో ఆలోచించు.

ఎండలు ముదిరాక వెళ్లకు. ఒంటరిగా అసలే వద్దు. ఎవరింట్లోనైనా నీళ్లిస్తే సీసా చూపించి వద్దనకు, తాగు. ఇప్పుడు భగీరథ నల్లాలు ఉన్నాయి, ఆ ఒక్క గుక్కతో ఏమీ కాదు, వద్దంటే మాత్రం వాళ్ల మనసు నొచ్చుకుంటుంది.

పటం ఎవరికీ ఇవ్వకముందే నాకు పంపు. సున్నాలు పెన్సిలుతోనే గీయి, రబ్బరు నా దగ్గర ఉంది.

మీ మామయ్య,
నల్లగొండ