ఐస్ స్కేటింగ్ నేర్పిస్తే పిల్లల్లో ధైర్యం పెరుగుతుందా?

మీ అమ్మాయి కొత్త పని ఏదైనా చేయాలంటే భయపడుతుందని, పక్కన మనిషి ఉండి నేర్పే ఐస్ స్కేటింగ్ వల్ల మార్పు వస్తుందా అని అడిగారు. నేర్పే తీరు బాగుంటే వచ్చే అవకాశం ఉంది.

"నేను చేయగలను" అనే నమ్మకానికి అన్నిటికన్నా బలమైన ఆధారం స్వయంగా చేసి సాధించిన అనుభవమేనని మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో వివరించారు. ఐస్ మీద అది వెంటవెంటనే దొరుకుతుంది: గోడ పట్టుకుని నిలబడటం, వదిలి రెండడుగులు వేయడం, జారుతూ ఆగడం. ఎవరూ మెచ్చుకోకపోయినా తేడా పిల్లలకే తెలుస్తుంది.

మంచి శిక్షకులు మొదటి రోజే పడటం, లేవడం నేర్పుతారు. నా దృష్టిలో అసలు విషయం ఇదే. మోకాళ్లు వంచి, పక్కకి ఒరిగి, తుంటి మీద పడాలి. చేతులు వెనక్కి ఆనిస్తే మణికట్టు దెబ్బతింటుంది. లేచేటప్పుడు ముందు మోకాళ్ల మీదికి వచ్చి, ఒక కాలి స్కేట్ (అడుగున బ్లేడున్న బూటు) ఐస్ మీద ఆనించి, ఆ కాలి మోకాలిపై రెండు చేతులూ పెట్టి లేవాలి. కావాలని పదిసార్లు పడి లేచిన పిల్లకి, పదకొండోసారి పొరపాటున పడినా అంత టెన్షన్ ఉండదు.

పక్కనున్నవాళ్లు చేయి అందించాలి గానీ లాగకూడదు. తోసుకుంటూ వెళ్లే స్టాండు మొదట్లో సాయమే, దాని మీద వాలడం అలవాటైతే మాత్రం బ్యాలెన్స్ రాదు. హెల్మెట్, గ్లవ్స్ ఉండాలి, లేసులు చీలమండ దగ్గర బిగుతుగా కట్టాలి. రద్దీ లేని సమయం చూసుకోండి. "ఇవాళ చాలు" అని తను అంటే బతిమాలకుండా ఆపేయండి.