క్వాంటం మెటీరియల్స్‌లో పీహెచ్‌డీ చేస్తే తర్వాత ఏంటి?

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాదిలో ఉన్నానని, బెంగళూరులో క్వాంటం మెటీరియల్స్ మీద, అంటే ఎలక్ట్రాన్ల క్వాంటం ప్రవర్తన వల్ల వింత గుణాలు చూపే పదార్థాల మీద, పీహెచ్‌డీ చేయాలని ఉందని రాశారు. తర్వాత బతుకుతెరువు ఉంటుందా, ఇంట్లో ఏం చెప్పాలి అని అడిగారు. నేను 2015లో అదే పనిలో చేరి 2021లో బయటపడ్డాను.

క్వాంటం అనగానే బోర్డు నిండా సమీకరణాలు రాసే పని అనుకోకండి. థియరీ వాళ్ళ సంగతి వేరు. ప్రయోగాల వైపు వస్తే మీ రోజులు ఎక్కువగా ఫర్నేస్ దగ్గరే గడుస్తాయి. మా గ్రూపులో బిస్మత్ సెలెనైడ్ క్రిస్టల్స్ పెంచేవాళ్ళం. అది టోపోలాజికల్ ఇన్సులేటర్. లోపలంతా కరెంటును ఆపుతుంది, పైపొరలో మాత్రం పోనిస్తుంది. ఇది పుస్తకంలో మాట. ల్యాబ్‌లో పెంచిన క్రిస్టల్‌లో అక్కడక్కడా సెలీనియం పరమాణువులు ఉండవు. ఆ ఖాళీల వల్ల లోపలి భాగం కూడా కరెంటు మోస్తుంది. పైపొరను కొలుద్దామని కూర్చుంటే లోపలి గోలలో అది వినపడదు. నా మొదటి రెండేళ్ళు ఆ ఖాళీలు తగ్గించడానికే సరిపోయాయి.

పని ఇలా ఉంటుంది. బిస్మత్, సెలీనియం తూచి క్వార్ట్జ్ ట్యూబులో వేసి, గాలి లాగేసి, మంటతో మూతి మూసి ఫర్నేస్‌లో పెడతాం. 700 డిగ్రీలు దాటించాక గంటకు రెండు మూడు డిగ్రీల చొప్పున చల్లార్చాలి. వారం పది రోజులు పడుతుంది. సెలీనియం 685 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి వేడెక్కించేటప్పుడు తొందరపడితే లోపలి ఆవిరి ట్యూబును పగలగొడుతుంది. నేను తొందరపడ్డాను. దీపావళికి ఊరెళ్ళాలి మరి. ట్యూబు ఫర్నేస్‌లోనే పేలింది, ల్యాబంతా కుళ్ళిన ముల్లంగి వాసన. ఫర్నేస్ బాగుపడటానికి నెల పట్టింది. మా సీనియర్ మళ్ళీ నాతో మాట్లాడటానికి ఇంకాస్త ఎక్కువే పట్టింది.

క్రిస్టల్ కుదిరాక కొలత. అందుకు క్రిస్టల్‌ను బాగా చల్లబరచాలి, దానికి ద్రవ హీలియం కావాలి. అది 4.2 కెల్విన్ దగ్గర, అంటే మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంటుంది. మనకు హీలియం దిగుమతి సరుకు, ఖరీదెక్కువ. ఆవిరైన గ్యాస్‌ను పట్టి మళ్ళీ ద్రవంగా మార్చుకునే ఏర్పాటు ఉన్నచోట పనిచేయడం ఒకరకం, సిలిండర్ల కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం ఇంకోరకం. అందుకే గైడ్‌కి ఎన్ని పేపర్లున్నాయో లెక్కపెట్టేముందు, క్రిస్టల్స్ మీరే పెంచుకుంటారా, హీలియం ఎక్కడిది అని అడగండి. ఆ గ్రూపు నుంచి మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళు ఉంటే వాళ్ళతో కూడా ఒకసారి మాట్లాడండి.

క్రిస్టల్ గొడవ ఇంతసేపు ఎందుకు చెబుతున్నానంటే, 2023 జూలైలో ఎల్‌కే-99 హడావుడి గుర్తుందా? గది వేడిలోనే పనిచేసే సూపర్‌కండక్టర్, అంటే రెసిస్టెన్స్ అసలే లేకుండా కరెంటు మోసే పదార్థం, దొరికిందని కొరియా శాస్త్రవేత్తలు ప్రకటించారు. మా బాబాయి ఆ వార్త మూడుసార్లు వాట్సాప్‌లో పంపి, "ఇక మీకు పనేముందిరా" అన్నాడు. కొన్ని వారాల్లోనే మిగతా ల్యాబులవాళ్ళు తేల్చేశారు. అందులో కలిసిపోయిన కాపర్ సల్ఫైడ్ వల్ల రెసిస్టెన్స్ అలా ఒక్కసారిగా పడిపోయిందట. శుద్ధమైన క్రిస్టల్ పెంచి చూస్తే అది ఇన్సులేటర్ అని తేలింది.

చేరడానికి రాయాల్సిన ప్రవేశ పరీక్షలు మీకు తెలిసే ఉంటాయి: నెట్ జేఆర్‌ఎఫ్, గేట్, జెస్ట్. బెంగళూరులోని ఐఐఎస్సీతో పాటు జక్కూరులో ఉన్న పరిశోధన సంస్థ జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌కీ దరఖాస్తు పెట్టండి. ఫెలోషిప్ నేను చేరినప్పుడు నెలకు 25,000. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు 37,000, తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ వేరు. మత్తికెరెలో గది తీసుకుని ఆంధ్ర మెస్‌లో తింటూ బతికేయొచ్చు. ఇంటికి పంపాల్సిన బాధ్యత ఉంటే మాత్రం కష్టం. నాకు ఒకసారి ఫెలోషిప్ నాలుగు నెలలు ఆగి అంతా కలిపి పడింది. చేతిలో కొంత దాచుకోండి.

క్వాంటం పరిశోధనకు కేంద్రం డబ్బిచ్చే నేషనల్ క్వాంటమ్ మిషన్ వచ్చిందిగా అంటారు. వచ్చింది, 2023 ఏప్రిల్‌లో 6,003.65 కోట్లు మంజూరు చేశారు. మెటీరియల్స్ హబ్ ఐఐటీ ఢిల్లీకి, కంప్యూటింగ్ హబ్ ఐఐఎస్సీకి దక్కాయి. కానీ దాని గడువు 2030-31 వరకే. మీరు ఇప్పుడు చేరితే థీసిస్ ఇచ్చేసరికి ఆ గడువూ అయిపోతుంది. ఆ డబ్బును చూసి నిర్ణయం తీసుకోకండి.

నా సంగతా? జర్మనీలో రెండేళ్ళు పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, చేసి వచ్చాను. అధ్యాపక పోస్టులకు పదకొండు దరఖాస్తులు పెడితే రెండు ఇంటర్వ్యూలు వచ్చాయి, ఉద్యోగం రాలేదు. ఆ ఏడాది పడ్డ టెన్షన్ పీహెచ్‌డీ మొత్తంలో పడలేదు. ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో, చిప్‌లు తయారుచేసే యంత్రాల కంపెనీలో ఉన్నాను. ఇంటర్వ్యూలో టోపాలజీ గురించి ఒక్కరూ అడగలేదు, వాక్యూమ్ లీక్ ఎలా పట్టుకుంటావని ముప్పావుగంట అడిగారు. జీతం నాతో డిగ్రీ చదివి సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళినవాళ్ళ కంటే తక్కువే. నాకు సరిపోతుంది.

ఇంట్లో ఏం చెప్పాలంటే, నేను ఉన్నదే చెప్పాను. ఆరేళ్ళు పడుతుంది, నెలనెలా కొంత వస్తుంది, తర్వాత ఏ ఉద్యోగమో ఇప్పుడే చెప్పలేను అని. నాన్న రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు గుంటూరు నుంచి యశ్వంతపూర్‌కి కొండవీడు ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ బుక్ చేసి, టికెట్ నా పుస్తకంలో పెట్టి పొలానికి వెళ్ళిపోయారు.